ఆకు బొమ్మ చూసి ఆర్డర్ చెయ్యకండి: ఫిలిప్పీన్-మెక్సికన్ ఫ్యూజన్ హోటళ్ళకి వెళ్ళే మనవాళ్ళకి హెచ్చరిక

కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే తెలుగువాళ్ళకి, ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకున్నవాళ్ళకి ఇది రాస్తున్నాను. ఫిలిప్పీన్స్ వంటనీ మెక్సికో వంటనీ కలిపి బర్గర్లు, బురిటోలు (రొట్టెలో అన్నం, బీన్స్, కూర చుట్టి ఇచ్చేవి) అమ్మే హోటళ్ళు ఇక్కడ ఉన్నాయి. అలాంటి చోట మెనూ బోర్డు మీద ఆకు బొమ్మతో టోఫు సిసిగ్ బురిటో (సిసిగ్ అంటే సన్నగా తరిగి చేసే ఫిలిప్పీన్స్ మాంసం వంట, ఇందులో మాంసం బదులు సోయా పనీర్ లాంటి టోఫు) కనిపిస్తే, శాకాహారమే కదా అని పెద్దవాళ్ళ చేతిలో పెట్టకండి. టోఫు ముక్క ఒక్కటే శాకాహారం. దాని చుట్టూ ఉన్నదంతా వేరే సంగతి. మా అమ్మ విషయంలో అదే జరిగింది.

ఈస్ట్ బేలో చిన్న హోటల్ అది. కౌంటర్ దగ్గర చెప్పి, నంబరు పిలిస్తే వెళ్ళి తెచ్చుకునే రకం. పేరు రాయడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది. పైగా కింద నేను రాసేవన్నీ ఈ తరహా వంట ఎక్కడున్నా చూసుకోవాల్సినవే. అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్న కోడి, చేప తింటారు గానీ పోర్క్, బీఫ్ ముట్టరు. ఈ రెండు సంగతులూ కౌంటర్లో ఉన్న అబ్బాయికి విడమరిచి చెప్పాను. అమ్మకి మాంసం, చేప, గుడ్డు ఏదీ తగలకూడదు అన్నాను. "అయితే టోఫు తీసుకోండి, ఆకు గుర్తు ఉంది చూడండి, అందులో మాంసం ఉండదు" అన్నాడు. నాన్నకి చికెన్ బురిటో చెప్పాం.

అమ్మ సగం దాకా తిన్నాక, "ఏంటమ్మా, ఇందులో ఏదో కరకరలాడుతోంది, అప్పడం ముక్కలా?" అంది. విప్పి చూస్తే టోఫు మధ్య బంగారు రంగులో చిన్న చిన్న పలుకులున్నాయి. అది చిచరోన్. అంటే నూనెలో పొంగేలా వేయించిన పంది తోలు. సిసిగ్ మీద దాన్ని నలిపి చల్లడం వాళ్ళకి మామూలే.

నేను వంటగది వైపు వెళ్ళి గట్టిగా అడిగితే వంటాయన బయటికొచ్చాడు. ఫిలిప్పీన్స్ మనిషి, వయసులో పెద్దాయన. ఒక్క అబద్ధం ఆడలేదు. చిచరోన్ అన్నిటి మీదా చల్లుతాం అన్నాడు. టోఫుని పటీస్‌లో, అంటే చేపల్ని ఉప్పులో పులియబెట్టి తీసే నీళ్ళలో నానబెడతామన్నాడు. పైన వేసే తెల్ల సాసులో గుడ్డు ఉన్న మయోనైజ్ ఉందట. బీన్స్ పంది కొవ్వులో ఉడుకుతాయట. ఎర్రన్నంలో కోడి రసం పొడి పడుతుందట. పెనం ఒక్కటే, పోర్క్ సిసిగ్ వేయించిన దాని మీదే టోఫు కూడా. నాన్న చికెన్ బురిటోలో ఉన్న వెల్లుల్లి అన్నం సంగతి అడిగితే, అదీ పంది కొవ్వులోనే వేయిస్తామన్నాడు. అంతా చెప్పి, అమ్మ వైపు తిరిగి "సారీ, టీటా" అన్నాడు. వాళ్ళలో పెద్దావిడని అలాగే పిలుస్తారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, చీటీ మీద "టోఫు" అని మాత్రమే వెళ్ళింది.

నాకు కోపం వచ్చింది మేనేజర్ మీద. ఆకు బొమ్మ అంటే మాంసం బదులు టోఫు వేస్తామని మాత్రమేనట, శాకాహారమని మేమెక్కడా రాయలేదు అన్నాడు. డబ్బు వెనక్కివ్వనన్నాడు, కావాలంటే ఇంకోసారి వచ్చినప్పుడు ఒక డ్రింక్ ఫ్రీగా ఇస్తానన్నాడు. అదే హోటల్ డెలివరీ యాప్‌లో అదే బురిటో పక్కన "వెజిటేరియన్" అని స్పష్టంగా ఉంది. అది చూపిస్తే, యాప్ వాళ్ళు పెట్టుకున్నది, మాకు సంబంధం లేదన్నాడు. అమ్మ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి తలకి పోసుకుని, ఆ రాత్రి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. డెబ్బై దాటిన మనిషి జీవితమంతా నిలబెట్టుకున్న నియమాన్ని ఒక బొమ్మ పెట్టి చెడగొట్టారు. దానికి ఒక డ్రింక్ ఇస్తానంటాడా?

ఇండియాలో ప్యాకెట్ మీద పచ్చ చదరంలో పచ్చ చుక్క ఉంటే దాని వెనక చట్టం ఉంది. గుడ్డు పడినా ఆ చుక్క పెట్టకూడదు. ఆ నమ్మకంతో పెరిగిన కళ్ళకి ఇక్కడి ఆకు బొమ్మ కూడా అలాగే కనిపిస్తుంది. అమెరికాలో హోటల్ మెనూ మీద పెట్టే ఆకుకి అలాంటి ప్రభుత్వ నిర్వచనం ఏదీ లేదు, ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టుకుంటారు. అలమేడా కౌంటీలో హోటళ్ళ గుమ్మం దగ్గర కనిపించే పచ్చ కార్డు కూడా తనిఖీలో శుభ్రత, భద్రత బాగున్నాయని చెప్పేదే. గిన్నెలో ఏం పడిందో అది చెప్పదు.

ఈ వంటలో ఇది ఎందుకింత లోతుగా కలిసిపోయి ఉంటుందో కూడా తెలుసుకుంటే మంచిది. మనీలా నుంచి మెక్సికోలోని అకపుల్కోకి 1565 నుంచి 1815 దాకా స్పెయిన్ వాళ్ళ ఓడలు తిరిగాయి. ఆ రెండున్నర శతాబ్దాల్లో వంటలు అటూ ఇటూ ప్రయాణించాయి. మెక్సికోలో ఇప్పటికీ ఒక మామిడి రకాన్ని మనీలా మామిడి అంటారు. కొలీమా ప్రాంతంలో ఫిలిప్పీన్స్ నావికులు నేర్పిన కొబ్బరి కల్లు ఈ రోజుకీ దొరుకుతుంది. అందుకే ఈ రెండు వంటలూ ఒక బురిటోలో అంత చక్కగా కుదురుతాయి. పులుపు, వెల్లుల్లి, పంది కొవ్వు రెండు చోట్లా ఉన్నాయి. వాటికి ఫిలిప్పీన్స్ వైపు నుంచి చేప నీళ్ళు, రొయ్యల ముద్ద తోడవుతాయి. మెక్సికో వైపు నుంచి లార్డ్, అంటే పంది కొవ్వు వేసిన బీన్స్, కోడి రసం వేసిన అన్నం వస్తాయి. మన పులుసులో చింతపండు ఎలా కరిగిపోతుందో, ఇవన్నీ అలా కరిగి ఉంటాయి. పైన ముక్క మార్చినంత మాత్రాన అడుగున ఉన్నది పోదు.

అసలు ఇప్పటి సిసిగ్‌కి మూలమే పంది తల మాంసం. ఇప్పుడు మనం చూసే సిసిగ్, అంటే వేడి ఇనప పళ్ళెం మీద చిటపటలాడుతూ వచ్చేది, పంపాంగా రాష్ట్రంలోని ఏంజెలిస్ సిటీలో 1974లో లూసియా కునానన్ అనే ఆవిడ చేతి మీద మొదలైందని చెప్తారు. దగ్గర్లోని క్లార్క్ అమెరికన్ వైమానిక స్థావరంలో వాడకుండా వదిలేసే పంది తలల్ని తక్కువ ధరకి కొని, చెవులూ దవడలూ ఉడకబెట్టి, నిప్పుల మీద కాల్చి, సన్నగా తరిగి, ఉల్లిపాయ, మిరపకాయ, కలమాన్సీ అనే చిన్న నిమ్మకాయ పిండి చేసేవారు. తినేవాళ్ళకి అది గొప్ప వంటే, అందులో నాకు సందేహం లేదు. వాళ్ళ వంటని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఏం అమ్ముతున్నారో చెప్పి అమ్మమంటున్నాను, అంతే.

ఇక శాకాహారులు కానివాళ్ళు కూడా ఇక్కడ జాగ్రత్త పడాలి. మనలో చాలామంది చికెన్ తింటారు గానీ పోర్క్, బీఫ్ తినరు. హైదరాబాద్ ముస్లిం మిత్రులకి పోర్క్ అసలు కుదరదు. కానీ ఈ మెనూల్లో ఆ మాటలు చాలాసార్లు కనిపించవు, ఫిలిప్పీన్స్ పేర్లు మాత్రమే ఉంటాయి. లాంగనీసా బర్గర్ అంటే మామూలుగా తియ్యటి పంది సాసేజ్ మాంసాన్ని బిళ్ళ చేసి వేసింది. తోసినో అంటే తీపిలో ఊరబెట్టిన ఎర్రటి పోర్క్. తాప్సీలోగ్ బురిటోలో ఉండే తాపా బీఫ్. లుంపియా షాంఘై చూడ్డానికి మన స్ప్రింగ్ రోల్, లోపల సాధారణంగా పోర్క్. చికెన్ సిసిగ్ అని రాసి ఉన్నా వేయించిన కొవ్వు ఏదో అడగాలి. అడోబో విషయంలోనూ అంతే. మెక్సికో పద్ధతిలో అది ఎండుమిరప ముద్ద, ఫిలిప్పీన్స్ పద్ధతిలో వెనిగర్, సోయా సాసుతో ఉడికించిన కూర. ఫ్యూజన్ హోటల్లో ఏది వేస్తారో అడిగితే తప్ప తెలియదు.

పిల్లలకి అలర్జీ ఉన్నవాళ్ళు ఈ పేరా వదలకండి. బగోంగ్ అనే రొయ్యల ముద్ద రుచి కోసం చెంచాడు వేస్తారు, కంటికి కనపడదు. కరే-కరే పేరుతో వచ్చే సాసుకి ఆధారం వేరుశనగ. సోయా సాసులో సాధారణంగా గోధుమ ఉంటుంది. ప్యాకెట్ల మీద రొయ్య, పీత జాతి, వేరుశనగ, పాలు, గుడ్డు లాంటి అలర్జీ పదార్థాలు రాయాలని 2004 నాటి ఫెడరల్ చట్టం చెప్తుంది. 2023 నుంచి అందులో నువ్వులూ చేరాయి. అది ప్యాకెట్లకి, హోటల్ పళ్ళేనికి కాదు. కాలిఫోర్నియాలో మెనూ మీద అలర్జీ వివరాలు పెట్టాలనే కొత్త చట్టం అమలు తేదీ 2026 జులై 1. అదీ 20 లేదా అంతకన్నా ఎక్కువ శాఖలున్న హోటళ్ళకే. ఒకటే శాఖ నడుపుకునే చిన్న యజమానికి అది వర్తించదు. కాబట్టి అడగడం మీ పనే.

ఎలా అడగాలో కూడా చెప్తాను, "ఇది వెజిటేరియనేనా" అని అడిగితే మాకు జరిగినదే జరుగుతుంది. కౌంటర్ కుర్రాడి దృష్టి పైన వేసే ముక్క మీదే ఉంటుంది. పదార్థం పేరు పెట్టి అడగండి. టోఫు పటీస్‌లో నానిందా? సాసులో బగోంగ్ ఉందా, ఓయిస్టర్ సాస్ ఉందా? బీన్స్‌లో లార్డ్ వేస్తారా, తోర్తియా (బురిటో చుట్టే రొట్టె) పిండిలో వేస్తారా? అన్నం ఏ కొవ్వులో వేయిస్తారు, అందులో చికెన్ పొడి పడుతుందా? పెనం వేరేది ఉందా? మయోనైజ్‌లో గుడ్డు ఉందా? చిచరోన్ చల్లుతారా? వీటికి జవాబు తెలియదంటే వంట చేసేవాళ్ళని పిలవమనండి. ఆ మనిషికి కచ్చితంగా తెలుస్తుంది, మా అనుభవంలో నిజమూ చెప్పారు. పిలవం అంటే అక్కడ తినకుండా లేచి వచ్చెయ్యండి. ఫ్రెంచ్ ఫ్రైస్ కదా అని ధైర్యంగా తీసుకునేవాళ్ళు లుంపియా వేయించేదీ ఆ నూనెలోనేమో అడగండి. అరటిపండుని పల్చటి రేకులో చుట్టి వేయించే తురోన్‌కి కూడా అదే ప్రశ్న.

బిల్లు గురించి కొంచెం. మా బిల్లులో టిప్పు కాకుండా సర్వీస్ ఛార్జి అని ఇంకొకటి కలిపారు. ఆర్డర్ చేసేటప్పుడు బోర్డు మీద ఎక్కడా లేదు. కార్డు పెట్టాక స్క్రీన్ మీద మళ్ళీ టిప్పు అడిగింది. దాచిన ఛార్జీలు వెయ్యకూడదని కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి చట్టం ఉంది. హోటళ్ళకి అందులో మినహాయింపు ఇచ్చారు గానీ, ఆ ఛార్జి ధరలున్న చోటే స్పష్టంగా కనిపించేలా రాయాలి. రాయకపోతే అడిగి తీయించుకోవచ్చు. నేను అడిగాక అది మాత్రం తీసేశారు.

నేను కౌంటీ పర్యావరణ ఆరోగ్య విభాగంలో ఫిర్యాదు ఇచ్చాను. ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు. తినేవాళ్ళని తప్పుదారి పట్టించేలా ఆహారాన్ని అమ్మకానికి పెట్టకూడదని కాలిఫోర్నియా ఆహార నియమావళిలోనే ఉంది, దాన్నే ఆధారం చేసుకున్నాను. ఆకు బొమ్మ ఉన్న మెనూ బోర్డు ఫోటో, రసీదు, యాప్‌లో "వెజిటేరియన్" అని ఉన్న స్క్రీన్‌షాట్, మిగిలిన బురిటో ఫోటో జత చేశాను. మీకు ఇలాంటిది ఎక్కడైనా జరిగితే అక్కడ గొడవ మొదలుపెట్టే ముందే ఈ ఫోటోలు తీసుకోండి. మేం మాట్లాడుతుండగానే మేనేజర్ బోర్డు వైపు చూడటం నేను గమనించాను. తర్వాత దాన్ని మార్చేసినా మీ దగ్గర రుజువు ఉంటుంది. యాప్ కంపెనీకి విడిగా రాస్తే, వాళ్ళు రెండు రోజుల్లో ఆ ముద్ర తీసేశారు. హోటల్ బోర్డు మీద ఆకు ఇంకా ఉంది. కౌంటీ వాళ్ళు ఏం తేల్చారో తెలిశాక రాస్తాను.