మడమ నొప్పికి ఏది కొనాలి: సిలికాన్ కప్పు, ఎంసీఆర్ చెప్పులు, నైట్ స్ప్లింట్

పొద్దున మంచం దిగి కాలు మోపగానే మడమలో మేకు దిగినట్టు పోటు. పది అడుగులు వేశాక సర్దుకుంటుంది. పరుగు మొదట్లో నొప్పి, నడుమ మాయం, కుర్చీలో రెండు గంటలు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. నొప్పి ఈ వరసలో ఉంటే అది చాలావరకు ప్లాంటార్ ఫాషియైటిసే. మడమ ఎముక అడుగున లోపలివైపు మొదలై కాలివేళ్ల దాకా సాగే గట్టి పట్టీ దెబ్బతినడం అన్నమాట. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం జూన్‌లో ఒక్కసారిగా కిలోమీటర్లు పెంచి, ఫ్లైఓవర్లు ఎక్కడం మొదలెట్టినవాళ్లు జులైకల్లా దీంతో కుంటుతుంటారు. ఎత్తు ఎక్కుతుంటే పిక్కల మీద భారం పెరుగుతుంది. పిక్క బిగుసుకున్నకొద్దీ పాదం అడుగు పట్టీ కూడా లాగుతుంది.

మందుల షాపుకెళ్లి మడమ నొప్పి అనగానే ముందు చేతిలో పెట్టేది సిలికాన్ హీల్ కప్పు. మూడింటిలో చవక ఇదే. అడుగు వేసినప్పుడు మడమకు తగిలే దెబ్బను తగ్గిస్తుంది కాబట్టి మొదటి వారాల్లో హాయిగానే ఉంటుంది. అయితే జబ్బు కుదిర్చే పని దీనిది కాదు. నొప్పి ఒక కాలికే ఉన్నా కప్పులు రెండు బూట్లలోనూ పెట్టాలి. ఒక్కదానిలో పెడితే ఆ కాలు ఎత్తయి, పరుగులో తుంటి, నడుము పట్టేస్తాయి. కొనేటప్పుడు మీ బూటు తీసుకెళ్లండి. కప్పు మరీ మందంగా ఉంటే మడమ బూటులోంచి పైకి లేచి, వెనక అంచు ఒరుసుకుని బొబ్బ కడుతుంది. చెమటకు సిలికాన్ జారుతుంది. అందుకని దాన్ని బూటు లోపలి ఇన్సోల్ కింద పెట్టండి, రోజూ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అంచులు చిరిగినా, నడుమ పల్చబడినా పారేయాల్సిందే.

దీనికి అసలు లోటు మన ఇళ్లలో బయటపడుతుంది. మనం బూట్లు గుమ్మం బయటే విడుస్తాం, కప్పు కూడా అక్కడే ఆగిపోతుంది. మిగతా రోజంతా వంటింట్లో గ్రానైట్ మీద, హాల్లో టైల్స్ మీద వట్టి కాళ్లతోనే. పగలు కప్పు ఎంత కాపాడినా సాయంత్రానికి ఆ గచ్చు పాడు చేస్తుంది. అందుకే కప్పు కంటే ముందు కొనాల్సినవి ఎంసీఆర్ చెప్పులు, అవీ ఇంట్లోకి మాత్రమే వాడే జత. ఎంసీఆర్ అంటే మైక్రో సెల్యులర్ రబ్బరు, సన్నటి గాలి గదులున్న మెత్తని రబ్బరు ఇది. స్పర్శ పోయిన కుష్టు రోగుల, షుగర్ రోగుల పాదాలకు పుళ్లు పడకుండా వాడుతూ వచ్చారు. బొటనవేలితో నొక్కి చూడండి. దిగి, వదలగానే తిరిగి లేవాలి. పైపొర ఎంసీఆర్ అయి, దాని కింద గట్టి సోలు ఉండాలి. చెప్పును రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పితే గుడ్డలా చుట్టుకుపోయేది వద్దు. వెనక పట్టీ ఉన్న మోడల్ మేలు, లేకపోతే చెప్పు జారకుండా వేళ్లతో బిగించి నడవాల్సి వస్తుంది. మడమ దగ్గర గుంత పడిందంటే జత మార్చే సమయం వచ్చినట్టే. మంచం పక్కనే పెట్టుకోండి, తెల్లవారి మొదటి అడుగు వాటిలోనే పడాలి.

ఇక నైట్ స్ప్లింట్, అంటే నిద్రలో పాదం వాలకుండా పట్టి ఉంచే తొడుగు. మూడింటిలో ఖరీదైనది, కొని అటక మీద పడేసే వస్తువు కూడా ఇదే. దీని తర్కం మాత్రం గట్టిది. నిద్రలో పాదం కిందికి వాలుతుంది, పట్టీ ఆ ముడుచుకున్న తీరులోనే రాత్రంతా ఉండిపోతుంది, పొద్దున బరువు పడగానే ఒక్కసారిగా లాగుతుంది. స్ప్లింట్ పాదాన్ని కాలికి 90 డిగ్రీల్లో నిలబెడుతుంది. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. పిక్క వెనక నుంచి అరికాలి కింద దాకా వచ్చే బూటు రకం పట్టు బాగా ఇస్తుంది, కానీ వేడి, బరువు. పైగా రాత్రి బాత్రూంకి లేస్తే టైల్స్ మీద సర్రున జారుతుంది. కాలి ముందువైపు ఉండే రకంలో మడమ, అరికాలు చాలావరకు ఖాళీగా ఉంటాయి, గాలి ఆడుతుంది. ఏసీ లేని ఇంట్లో, మే నెల ఉక్కలో ఇదొక్కటే భరించగలం. మా ఓటు దీనికే.

చాలామంది చేసే తప్పు, మొదటి రాత్రే స్ప్లింట్ పట్టీలు పూర్తిగా లాగేసి కాలివేళ్లు తిమ్మిరెక్కాక విప్పి విసిరేయడం. మొదటి 3, 4 రోజులు సాయంత్రం టీవీ ముందు 2 గంటలు పెట్టుకోండి, ఆ తర్వాతే రాత్రికి. లోపల పల్చటి నూలు సాక్సు వేసుకుని, పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులు ఉంచండి. కొన్ని వారాల్లో వెల్క్రోలో దుప్పటి నూగు చేరి పట్టు సడలుతుంది. పాత టూత్‌బ్రష్‌తో దువ్వితే మళ్లీ పట్టుకుంటుంది. నొప్పి పొద్దుటి మొదటి అడుగులోనే ఎక్కువగా ఉన్నవాళ్లకు ఈ డబ్బు దండగ కాదు. నడిచేకొద్దీ పెరిగే నొప్పికి ఇది కొనకండి.

ఈ మూడూ ఉపశమనమే. పట్టీకి బలం రావాలంటే కావాల్సింది మెట్టు, తువ్వాలు. తువ్వాలును చుట్టి మెట్టు అంచున పెట్టి, వేళ్లు దాని మీద పైకి వంగేలా నిలబడండి. మడమ గాల్లో ఉండాలి, చేయి గోడకు ఆనించండి. 3 సెకన్లలో పైకి లేచి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లలో కిందికి దిగాలి. ఒంటి కాలి మీద 12 సార్లు, అలా 3 విడతలు, రోజు విడిచి రోజు. 2 వారాలయ్యాక వీపు సంచిలో పుస్తకాలు వేసుకుని బరువు పెంచి 10 సార్లు, 4 విడతలు. మరో 2 వారాలకు ఇంకొంచెం బరువుతో 8 సార్లు, 5 విడతలు. 2014లో డెన్మార్క్ పరిశోధకులు ఈ పద్ధతిని సాగదీసే వ్యాయామంతో పోల్చారు. రెండు జట్లకూ మడమ కింద ఇన్సర్ట్‌లు ఇచ్చారు. 3 నెలలకు మెట్టు జట్టు బాగా ముందుంది, 12 నెలలకు ఇద్దరూ ఒకటే అయ్యారు. అంటే మెట్టు తొందరగా తేరుకోవడానికి. ఒంటి కాలి మీద 12 రాకపోతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి.

ఎక్స్‌రేలో ఎముక ముల్లులా పెరిగిందని బెదిరిపోకండి, నొప్పి లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ త్వరగా హాయినిస్తుంది, కానీ పట్టీ తెగే ప్రమాదం, మడమ కొవ్వు కరిగే ప్రమాదం ఉన్నాయి. పరుగు పందెం తేదీ కోసం వేయించుకోవడం తప్పు.

ఏదైనా కొనే ముందు మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో గట్టిగా నొక్కి చూడండి. అప్పుడు తీవ్రంగా నొప్పెడితే ఎముక బీట వారిందేమో చూపించుకోవాలి, పరుగు వెంటనే ఆపాలి. అరికాలిలో మంట, తిమ్మిరి ఉంటే అది నరం సంగతి. పొద్దున నడుము అరగంటకు మించి బిగుసుకుపోయే యువకులకు రెండు మడమలూ నొప్పెడుతుంటే రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవాలి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు డాక్టరును అడగకుండా స్ప్లింట్ పెట్టుకోవద్దు, ఎక్కడ ఒరుసుకుంటుందో వాళ్లకు తెలియదు.

పరుగు పూర్తిగా మానక్కర్లేదు. నొప్పి 10కి 3 దాటకుండా, మర్నాటి మొదటి అడుగు ముందు రోజుకంటే హెచ్చకుండా ఉంటే సాగించవచ్చు. ఆగి మళ్లీ మొదలెట్టేవాళ్లు రోజు విడిచి రోజు 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, అలా 10 సార్లు, మట్టి దారి మీద. ఫ్లైఓవర్లు చివరికి ఉంచండి.