వీస్‌బాడెన్‌లో యావ్లెన్‌స్కీ క్రీస్తు ముఖాలు

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దాకా వెళ్ళినవాళ్ళు పక్కనున్న వీస్‌బాడెన్‌కు వెళితే వేడినీటి బుగ్గలు, పాత భవనాలు చూసి వచ్చేస్తుంటారు. నేను మాత్రం చిత్రకారుడు అలెక్సీ యావ్లెన్‌స్కీ వేసిన బొమ్మల కోసమే వెళ్ళాను. ఆయన 1864లో రష్యాలో పుట్టారు. మ్యూనిక్‌లో మరో రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీతో కలిసి పనిచేశారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే రష్యన్ అన్న కారణంగా జర్మనీ వదిలి స్విట్జర్లాండ్ చేరారు. 1921 నుంచి 1941లో పోయేదాకా ఈ ఊళ్ళోనే ఉన్నారు.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి ఎస్8, ఎస్9 లోకల్ రైళ్ళు నేరుగా వీస్‌బాడెన్ స్టేషన్‌కు వస్తాయి. ఆయన బొమ్మలున్న వీస్‌బాడెన్ మ్యూజియం అక్కడి నుంచి నడిచేంత దూరమే కాబట్టి స్టేషన్ దగ్గరే రూమ్ తీసుకున్నాను. సామానుతో తిప్పలు లేవు, రూమ్ శుభ్రంగానే ఉంది. రాత్రంతా రోడ్డు చప్పుడు మాత్రం తప్పలేదు. నిద్ర ముఖ్యమనుకుంటే పాతబస్తీ వైపు లోపలి వీధుల్లో చూసుకోండి.

మ్యూజియం కంటే ముందు నెరోబెర్గ్ కొండ ఎక్కమంటాను. కొండ కిందికి సిటీ బస్సులున్నాయి, ఈ ఊళ్ళో ట్రామ్ లేదు. పైకి 1888 నాటి చిన్న కొండరైలు ఉంది. పై పెట్టెలో నీళ్ళు నింపుతారు. ఆ బరువుకు అది దిగుతూ కింది పెట్టెను పైకి లాగుతుంది. చలికాలంలో నడవదు. పైన బంగారు గుమ్మటాల రష్యన్ చర్చి, దాని పక్కన శ్మశానవాటిక ఉన్నాయి. యావ్లెన్‌స్కీ సమాధి అక్కడే. చర్చిలో బంగారు పూత మీద గీసిన పవిత్ర చిత్రాల ముందు కాసేపు నిలబడండి. ఆయన చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన భక్తి ఎలాంటిదో తెలుస్తుంది.

ఆ తర్వాత మ్యూజియంకు వస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ పవిత్ర చిత్రాల్లోని ముఖాలు చాలావరకు మనల్నే చూస్తుంటాయి. యావ్లెన్‌స్కీ క్రీస్తు కళ్ళు మూసుకుని ఉంటాడు. క్యాలెండర్లలో కనిపించే జాలి చూపులు, మెత్తని జుట్టు, కాంతి వలయం ఏవీ లేవు. 1934 నుంచి వేసిన ‘ధ్యానాలు’ వరుసలోనైతే ముఖమే గీతలైపోయింది. కళ్ళకు ఒక అడ్డగీత, ముక్కుకు పొడవాటి నిలువుగీత, కింద నోటికి పొట్టి గీత. అవన్నీ కలిస్తే అదే శిలువ. ముదురు ఎరుపు, నీలం, నలుపు గీతల సందుల్లోంచి పసుపు చిన్న వెలుగులా బయటికి వస్తుంది.

ఇవి ఒక నోటుబుక్కు అంత ఉంటాయి. దగ్గరికి వెళితే ఒక్కో గీతలో కుంచె వెంట్రుకల జాడలు విడివిడిగా కనిపిస్తాయి. కీళ్ళవాతంతో మోచేతులు వంగని స్థితిలో, రెండు చేతులతో కుంచె పట్టుకుని ఆయన వీటిని వేశారు. ఆ నొప్పిని దాచాలని ఆయన ప్రయత్నించినట్టు నాకు అనిపించలేదు. చెయ్యి ఎంత దూరం కదిలితే గీత అంతే పోయింది. నాజీలు ఆయన బొమ్మల ప్రదర్శనను నిషేధించిన రోజుల్లో, కొనేవాళ్ళు కరువైనా, ఇలాంటివి వందల కొద్దీ వేశారు. ఒకే ముఖాన్ని అన్నిసార్లు వేయడం నాకు జపంలాగే తోచింది. ‘ఇందులో క్రీస్తు ఎక్కడ?’ అని నా పక్కన నిలబడ్డాయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పోలిక కోసం వెతికితే దొరకడు. కాసేపు ఆగి ఆ గీతల వెంట కళ్ళు నడిపిస్తే మనకే తల వంచాలనిపిస్తుంది.

ఇదే భవనంలో ప్రకృతి చరిత్ర విభాగం, వంద ఏళ్ళ పైబడిన అలంకార కళా వస్తువుల సేకరణ కూడా ఉన్నాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అవి బాగా పనికొస్తాయి, నేను గబగబా చూసి వచ్చేశాను. సోమవారం మ్యూజియంకు సెలవు. ప్రదర్శనలో ఉంచే బొమ్మలు మారుతుంటాయి కాబట్టి ‘ధ్యానాలు’ ఇప్పుడు గోడ మీద ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. షాపులో అచ్చు కార్డులు అమ్ముతారు గానీ వాటిలో ఆ పసుపు వెలగదు, నేను కొనలేదు.