యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని పెద్దల ఆచూకీ: కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటును కొన్నేళ్ళుగా వాడిన అనుభవం

రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ ఇండియా సైన్యంతో వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్న మనవాళ్ళ వివరాలు కావాలని ఎవరైనా అడిగితే, నేను మొదట చెప్పే చోటు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటు. మా తాతగారి పినతండ్రి మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, చనిపోయారన్న ఒక్క మాటే మా ఇంట్లో మిగిలింది. ఆయన మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో పనిచేశారని, ఏ తేదీన పోయారని, పట్టీలో తండ్రి పేరు ఎలా నమోదైందని నాకు తెలిసింది ఇక్కడే. చందా లేదు. ఖాతా తెరవకుండానే వెతకవచ్చు.

యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ దేశాల సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే ఈ సంస్థ 1917లో రాజశాసనంతో ఏర్పడింది. సుమారు 17 లక్షల మంది పేర్లు దీని దగ్గర ఉన్నాయి. అయితే ఏ మరణాలు ఇందులో చేరతాయో ముందే తెలుసుకోవాలి. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. ఆ తేదీల మధ్య కొలువులో ఉండగా పోతే చాలు, తూటా తగిలే పోవాలని లేదు. కలరాతోనో, న్యుమోనియాతోనో, ఆసుపత్రిలోనో పోయినవారూ లెక్కలోకి వస్తారు. 'మా వాళ్ళు యుద్ధంలో చనిపోలేదు, జబ్బు చేసి పోయారు' అని వెతకడమే మానుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు తప్పక చూడాలి.

అసలు కష్టం పేర్ల దగ్గరే. ఆనాటి గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాశాడు. వెంకటస్వామిలో 'క'కు ఒకచోట కె ఉంటుంది, ఇంకోచోట సి ఉంటుంది. స్వామి కాస్తా సామీ అవుతుంది. నాయుడు మూడు నాలుగు రూపాల్లో కనిపిస్తాడు. ఇంటిపేరు దాదాపు ఎక్కడా ఉండదు. సైన్యం వెంట వెళ్ళిన కూలీలు, వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళ విషయంలో చాలాసార్లు ఒక్క పేరే. అందుకని పూర్తి పేరు కొట్టి వెతికితే ఫలితం ఉండదు. ముందు ఇండియన్ ఆర్మీ అని ఎంచుకోండి, యుద్ధం ఏదో ఎంచుకోండి, పటాలం తెలిస్తే అదీ ఇవ్వండి, పేరులో మొదటి నాలుగైదు అక్షరాలతో సరిపెట్టండి. వచ్చిన జాబితాను పట్టికగా దించుకునే వీలుంది. దాన్ని తీరిగ్గా చదువుకుంటూ పోవడమే నాకు అచ్చివచ్చిన పద్ధతి. సిపాయి నంబరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆ రోజుల్లో ఏ పటాలం నంబర్లు ఆ పటాలానివే కాబట్టి, ఒకే నంబరు వేర్వేరు పటాలాల్లో వేర్వేరు మనుషులకు ఉంటుంది.

అదనపు సమాచారం అన్న గడిలో కొందరికి తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి. అక్కడ నేటి జిల్లాలు వెతకకూడదు. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో వచ్చింది, శ్రీకాకుళం 1950లో. మొదటి యుద్ధకాలంలో శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలోది, పైగా ఊరి పేరు చికాకోల్. ఒంగోలు అప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. పాత మద్రాసు రాష్ట్ర పటం ఒకటి పక్కన పెట్టుకుని కూర్చుంటే సగం చిక్కులు విడిపోతాయి. తెలంగాణవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నిజాం తన సొంత దళాలనూ పంపాడు. హైదరాబాద్ లాన్సర్లు అనే గుర్రపు దళంవారు ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పోరాడారు. అలాంటివారిని మద్రాసు పటాలాల్లో వెతికితే దొరకరు.

ఇక బస్రా స్మారకం. మెసొపొటేమియాలో పోయి, సమాధి ఎక్కడో తెలియని 40 వేల మందికి పైగా మనుషుల కోసం కట్టినది. బ్రిటిష్ వారి పేర్లూ, భారతీయ అధికారుల పేర్లూ రాతి మీద చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలను మాత్రం ఫలానా పటాలం, ఇంతమంది అని అంకెగా రాశారు. పేర్లు రిజిస్టరులోనే ఉండిపోయాయి. మా పెద్దాయన అలాంటి అంకెలో ఒకరు. ఆ సంగతి చదివిన రోజు నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. 2021లో కమిషనే వేయించిన విచారణ సంఘం ఈ వివక్షను ఒప్పుకుంది. మొదటి యుద్ధంలో పోయిన భారతీయులు, ఆఫ్రికన్లు తదితరుల్లో కనీసం 1,16,000 మందిని పేరుతో గుర్తించలేదని, కొందరికైతే ఏ స్మారకమూ లేదని, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండవచ్చని తేల్చింది. కమిషన్ క్షమాపణ చెప్పింది. అందుకే ఈ సైటులో పేరు లేదంటే ఆ మనిషి యుద్ధానికి వెళ్ళలేదని అర్థం చేసుకోకండి. ఒక్కో మనిషి వివరాల పుటలో కిందికి వెళ్తే పాత రిజిస్టర్ల స్కాన్లు కొందరికి ఉంటాయి. చాలామంది అక్కడిదాకా వెళ్ళరు. మా పెద్దాయన పేరు సిరాతో అచ్చైన ఆ వరుసను నేను అక్కడే చూశాను.

తిరిగి వచ్చినవారి గురించి మాత్రం ఈ సైటు ఏమీ చెప్పదు. బర్మా నుంచి ప్రాణాలతో వచ్చిన మా తాతగారి కోసం దారి మార్చాల్సి వచ్చింది. ఇంట్లో పతకం ఉంటే దాని అంచు చూడండి. మొదటి యుద్ధపు విక్టరీ మెడల్ అంచున నంబరు, హోదా, పేరు, పటాలం చిన్న అక్షరాల్లో ఉంటాయి. వెండిది కరిగించేసిన ఇళ్ళలో కూడా ఈ కంచుది మిగిలి ఉండే అవకాశం ఉంది. డిశ్చార్జి పుస్తకం దొరికితే ఇంకా మేలు. పటాలం తేలాక ఆ పటాలం రికార్డు ఆఫీసుకు రాయాలి: శాపర్స్‌కు బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్. షీట్ రోల్ అనే సేవా పత్రాన్ని నిర్ణీత గడువు తర్వాత తీసేస్తారు కాబట్టి, అది దొరక్కపోతే లాంగ్ రోల్ అనే పేర్ల పట్టీ చూడమని ఉత్తరంలోనే అడగండి. బంధుత్వం రుజువు చేసే కాగితాలు జతచేయండి. పటాలం రోజువారీ కదలికలు కావాలంటే లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో యుద్ధ దినచర్యలు (వార్ డైరీలు) ఉన్నాయి. వాటిలో సిపాయి పేరు కనిపించడం అరుదు, కానీ ఆయన ఏ నది ఒడ్డున, ఏ ఎండలో ఉన్నారో తెలుస్తుంది.

పంజాబువారికి 3,20,000 మంది మొదటి యుద్ధ సైనికుల ఊరివారీ రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో బయటపడ్డాయి. తిరిగి వచ్చినవారూ వాటిలో ఉన్నారు. మన జిల్లాలకు అలాంటిది నా కంట పడలేదు. డబ్బు కట్టించుకునే వంశవృక్షాల సైటు ఒకటి ఏడాది పాటు వాడాను. అందులో బ్రిటిష్ సైనికుల కాగితాలు గుట్టలుగా ఉన్నాయి గాని తెలుగు సిపాయి ఒక్కడూ ఎదురుపడలేదు. ఆ చందా డబ్బుతో ఊరికి వెళ్ళి రావడం మేలు. 'ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు' అని చెక్కిన శిలాఫలకాలు కొన్ని పల్లెల్లో ఇంకా ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళలో పెద్దవాళ్ళను అడిగితే పటాలాల పేర్లు గడగడ చెబుతారు.

కమిషన్ సైటుకు నేను ఐదులో నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ పేర్ల వెతుకులాట మన పేర్లకు తగ్గట్టు లేనందుకు. మీ పెద్దలు పైన చెప్పిన తేదీల మధ్య కొలువులో పోయినట్టు సర్కారీ కాగితం ఏదైనా మీ దగ్గర ఉండి, సైటులో పేరు లేకపోతే, ఆ నకలుతో కమిషన్‌కే నేరుగా రాయండి. కొత్త పేర్లు చేర్చే పని వాళ్ళు ఇప్పటికీ చేస్తున్నారు.