రొట్టెల పండుగలో కొన్న కర్ర బొంగరం: 47 ఏళ్ల వాడుకరి సమీక్ష

నెల్లూరు బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగకు మేము వెళ్లింది విద్యా రొట్టె కోసం. మా అబ్బాయి సీఏ ఇంటర్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారైనా గట్టెక్కాలని నా భార్య స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరిన ఒక తల్లి చేతి నుంచి రొట్టె అందుకుంటూ ఉండగా, నేను గట్టుమీద చెప్పులకు కాపలాగా ఉన్నాను. ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె అని కోరికకొక రొట్టె దొరికే ఆ చెరువులో ఆట రొట్టె అనేది మాత్రం లేదు. బహుశా అందువల్లనే కావచ్చు, తిరిగి వచ్చే దారిలో గోనెపట్టా మీద పోసి అమ్ముతున్న కర్ర బొంగరాల దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఒకటి 60 రూపాయలు, రెండు తీసుకుంటే 100. "ఎన్నేళ్ల పిల్లోడికి సార్?" అని అమ్మే మనిషి అడిగితే, తడుముకోకుండా పదేళ్లు అని చెప్పాను. మావాడికి 21 ఏళ్లు.

ఇక వస్తువు సంగతి. బొంగరం అరచేతిలో నిండుగా ఇమిడే పరిమాణంలో ఉంది. తిరిగే కర్రకు ఉలి ఆనించి చెక్కినప్పుడు పడే సన్నని వలయాలు దాని నడుము చుట్టూ స్పష్టంగా కనిపిస్తాయి. వాటిమీద ఎర్రని, పచ్చని చారలు వేశారు. రంగు మాత్రం నాసిరకం. చెమట పట్టిన చేతితో పది నిమిషాలు ఆడితే వేళ్లన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి. దానితోపాటు ఇచ్చిన జాటీ రెండున్నర మూరల నూలు తాడు, పేట బాగా బిగువుగానే ఉంది.

పోల్చి చూడటానికి నా దగ్గర ఏటికొప్పాక లక్క బొంగరం కూడా ఒకటి ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి పనివారు అంకుడు కర్రను చెక్కి, గింజల నుంచి, బెరళ్ల నుంచి, ఆకుల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కను తిరుగుతున్న కర్రకు అదిమి పట్టి, ఆ రాపిడి వేడికి కరిగిన లక్కతోనే మెరుగు పెడతారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పనితనంలో గోనెపట్టా బొంగరం దాని కాలిగోటికి కూడా సరిపోదు. అయితే లక్క బొంగరం వేళ్లతో సుతారంగా తిప్పేది. పెద్దమనిషి బల్లమీద ఉన్నా ఎవరూ నవ్వరు. దాని లోపం కూడా అదే. చూడముచ్చటగా ఉన్నందువల్ల అది అలంకారమైపోయింది, నేను ఏడాదికి రెండుసార్లు తిప్పితే గొప్ప. జాటీ చుట్టి విసరవలసిన బొంగరాన్ని హుందాగా ఆడటం ఎవరికీ సాధ్యం కాదు కనుక, ఆ హుందాతనం కాసేపు పక్కన పెట్టాలనుకునేవారికి ఈ మోటు సరుకే సరైనదని నా అభిప్రాయం. (మన నెల్లూరు జిల్లాలోనే ఉదయగిరిలో కొండ కర్రతో గరిటెలు, స్పూన్లు అంత నునుపుగా చేసేవారు బొంగరాలు కూడా చేసి అమ్మితే, కొనేవారి వరుసలో నేను ముందుంటాను.)

మొదటి సాయంత్రం మిద్దెమీదకు వెళ్లి, లుంగీ ఎగగట్టి, జాటీ కొసను నోటితో తడిపి, మేకు దగ్గర మొదలుపెట్టి చుట్టుకు చుట్టు ఆనించి పైదాకా బిగించి విసిరాను. పదకొండుసార్లు విసిరితే పదకొండుసార్లూ అది పక్కకు ఒరిగి నీళ్ల ట్యాంకు కిందకు దొర్లిపోయింది. మేకు సరిగా దిగలేదని గొణుక్కుంటూ, ఆడలేక మద్దెల ఓడన్న సామెత నాకే వర్తిస్తుందేమోనని సందేహిస్తూ ఉండగా, పక్క మిద్దెమీద వడియాల గుడ్డ తీస్తున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయులు పిట్టగోడ మీదుగా కేకవేశారు: "అట్టా కాదబ్బా! మేకు పైకి పెట్టి ఇసురు. ఇసిరినాక చెయ్యి ఎనక్కి లాగాల." ఆయన వయసు 71. మామూలుగా మా ఇద్దరి మాటలు మున్సిపాలిటీ నీళ్లను, రక్తపోటు మాత్రలను దాటవు. ఆ రోజు ఆయన వడియాలను అక్కడే వదిలేసి మా మిద్దెమీదకు వచ్చారు.

బొంగరాన్ని కంటికి ఎదురుగా పట్టుకొని వేళ్లతో నెమ్మదిగా తిప్పి చూసి, మేకు రవంత పక్కకు పోయిందని తేల్చారు. మద్దెల నిజంగానే ఓడు! నేను తెచ్చిన సుత్తితో ఒకవైపు నుంచి నాలుగు దెబ్బలు వేసి, మొనను సిమెంటు గచ్చుమీద అరగదీసి, జాటీ చుట్టి ఆయనే విసిరారు. బొంగరం సన్నగా గుయ్‌మంటూ ఒకేచోట నిలబడింది. దానిమీది చారలు కలిసిపోయి, అసలు తిరుగుతున్నట్లే అనిపించలేదు. వేగం తగ్గేకొద్దీ తల మెల్లగా చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. సైన్సు పాఠాలు చెప్పిన మనిషి ఊరుకోరు కదా: "భూమి కూడా ఇట్టానే తల తిప్పతా ఉంటది, ఒక్క చుట్టుకి సుమారు 26,000 ఏళ్లు" అన్నారు. మనది అర నిమిషానికే పడిపోయిందేం మాస్టారూ అంటే, భూమిని ఇసిరినోడి చెయ్యి గట్టిది అని నవ్వారు.

తిరుగుతున్న బొంగరం కిందకు చూపుడు వేలిని, నడిమి వేలిని ఎడంగా పెట్టి దూర్చి, దానిని అరచేతిలోకి తీసుకోవడం కూడా ఆయనే నేర్పించారు. ఆ అనుభవం ఒక్కదానికే ఈ వస్తువు ధర గిట్టుబాటైంది. మేకు మొన అరచేతిలో నిలకడగా ఉండక, చీమ దారి తప్పినట్లు తిరుగుతూ పెట్టిన చక్కిలిగింతకు నేను పగలబడి నవ్వాను. మిద్దెమీద ఇద్దరు మగవాళ్ల కేకలు విని, ఎవరో జారిపడ్డారనుకొని నా భార్య పరుగెత్తుకు వచ్చింది. మూడో రోజున తాను కూడా ఒకసారి విసిరింది, మొదటిసారికే నిలబడింది. దాని గురించి ఇక్కడ విస్తరించి రాయదలచుకోలేదు.

ఇంట్లో ఆడవద్దు. టైల్సు మీద మేకు జారుతుంది, పైగా మా వరండాలో ఒక టైలు అంచు లేచిపోయింది. సిమెంటు గచ్చు మేలు. తొమ్మిదో రోజుకు జాటీ కొస పీచులు పీచులుగా విడిపోయింది. నైలాన్ తాడు వేసి చూస్తే చుట్టు నిలవక జారిపోయింది కనుక మళ్లీ నూలుదే పేనుకోవలసి వచ్చింది. సోడామూతను చదునుగా కొట్టి, చిల్లు పొడిచి, కొసన ముడివేస్తే జాటీ వేళ్ల సందు నుంచి జారిపోదు.

ఈమధ్య పెద్దవాళ్ల కోసం వచ్చే ఆటవస్తువులన్నీ ఏదో ఒక మందుచీటీ వెంటబెట్టుకొని వస్తున్నాయి. నొక్కుకునే రబ్బరు బంతి ఒత్తిడి తగ్గిస్తుందంటారు, రంగులు నింపే పుస్తకం ఏకాగ్రత పెంచుతుందంటారు, చేతి గడియారం అడుగులు లెక్కపెడుతుంది. ఈ బొంగరంతో అలాంటి హామీ ఏదీ రాలేదు. రెండు వారాలు ఆడినా నా బరువు తగ్గలేదు. కుడి భుజం మాత్రం రెండు రోజులు నొప్పిపెట్టింది. ఆరోగ్యం సాకు చెప్పుకోవడానికి వీల్లేదు కనుక మొదట్లో సిగ్గుగానే ఉంటుంది. మా ఆఫీసుకు తీసుకెళ్లిన రోజున, పనుల మీద రోజంతా బొంగరంలా తిరిగే సహోద్యోగులే నన్ను ఎగాదిగా చూశారు. భోజన విరామం ముగిసే వేళకు సైకిళ్ల షెడ్డు దగ్గర నలుగురం వరుసలో నిలబడ్డాం. మా అకౌంట్స్ అధికారి తన వంతు ఎప్పుడని రెండుసార్లు అడిగారు.

రంగు అంటుకున్నా, మేకు సరిచేసుకోవలసి వచ్చినా, ఈ ధరకు మళ్లీ కొంటాను. ఈ సమీక్ష నేను కొన్న రెండింటిలో ఒకదానికే వర్తిస్తుంది. రెండోదాన్ని పరీక్షించి ఇస్తానని మాస్టారు ఆ మొదటి సాయంత్రమే పట్టుకెళ్లారు. తెల్లవారుజామున ఐదు గంటలకు పక్క మిద్దెమీద నుంచి గుయ్‌మనే మోత వినిపిస్తోంది కనుక, దాని మేకు సరిగానే ఉన్నట్లుంది.