జియాలజీ కాన్ఫరెన్స్ ఆన్‌లైన్ పాస్: సరుకు ఉంది, యాప్ మాత్రం దండగ

3 స్టార్లు ఇస్తున్నా, అందులో రెండున్నర ఒక్క టైలింగ్స్ (రాయిలోంచి లోహం తీసేశాక మిగిలే రాతిపిండి, బురద) సెషన్‌కే. పేరెందుకులెండి, ఖనిజాల్ని పొదుపుగా ఎలా వాడాలనేది థీమ్. జియాలజిస్టులు దేశదేశాల నుంచి ఒకచోట చేరడం కొత్తేం కాదు, మొదటి ఇంటర్నేషనల్ జియలాజికల్ కాంగ్రెస్ 1878లోనే పారిస్‌లో జరిగింది, 37వది 2024లో బుసాన్‌లో అయింది, అప్పట్లో మ్యాపుల్లో ఏ రాయికి ఏ రంగు అని వాదించుకునేవాళ్లు, ఇప్పుడేమో లిథియం, కోబాల్ట్ గోల.

సరే, ఆ సెషన్ సంగతి. ఒకాయన 0.6 శాతం రాగి ఉన్న ఓర్ (ముడి ఖనిజం) ముక్క కెమెరాకి దగ్గరగా పెట్టాడు, మామూలు బూడిద రంగు రాయి, అక్కడక్కడా పసుప్పచ్చ మెరుపు అంతే. టన్ను రాయి పిండి చేస్తే మహా అయితే 6 కిలోల రాగి, మరి మిగతా 994 కిలోలు ఎక్కడ పెడతారు అన్నాడు. నోట్స్ రాయడం ఆపేసి అలా చూస్తుండిపోయా. తర్వాత బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యో సంగతి చెప్పాడు, 2019 జనవరి 25న అక్కడ టైలింగ్స్ నిలవచేసే డ్యామ్ కూలి 270 మంది పోయారు, గట్టిగా కనపడే ఆ మట్టి లోపలున్న నీళ్ల వల్ల క్షణాల్లో ద్రవంలా మారిపోయింది, ఆ దెబ్బతోనే 2020లో టైలింగ్స్‌కి గ్లోబల్ స్టాండర్డ్ వచ్చింది.

రీసైక్లింగ్ ప్యానెల్ శుద్ధ సోది, స్కిప్ చేసేయండి.

యాప్ గురించి చెప్పాలంటే ఒళ్లు మండుతుంది, సరిగ్గా ప్రశ్నలు మొదలవగానే లైవ్ కట్, రికార్డింగ్‌లో వక్త మొహం తప్ప స్లైడ్లు కనపడవు, మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. పాస్ కొనేవాళ్లు అబ్‌స్ట్రాక్ట్‌ల (ప్రసంగాల సారాంశాల) పీడీఎఫ్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అది బాగుంది.