తక్కువ ఆల్కలినిటీ సాల్ట్ మిక్స్: డ్రమ్ములో నిలకడ, బకెట్లో చెమ్మ

రీఫ్ ట్యాంక్‌లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, నీళ్లు మార్చడానికి కలిపే ఉప్పు కొనబోతే చాలామంది చూపు ముందు బకెట్ మీది పెద్ద అంకెల మీదే పడుతుంది. ఆల్కలినిటీ (ముఖ్యంగా నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్, కార్బొనేట్ల మోతాదు, డీకేహెచ్‌లో కొలుస్తారు) 12 డీకేహెచ్, కాల్షియం 460, మెగ్నీషియం 1,400 అని రాసి ఉంటే అదే మేలురకం అనిపిస్తుంది. ఇక్కడ రాస్తున్నది దాని పక్కనే ఉండే చిన్నంకెల రకం గురించి, అంటే 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు, సముద్రపు ఉప్పదనం) దగ్గర 8 డీకేహెచ్‌కి కాస్త అటూ ఇటూగా కలిసేది. రెడ్ సీ వాళ్ల మామూలు సాల్ట్, ట్రాపిక్ మారిన్ వాళ్ల ప్రో రీఫ్ ఈ కోవలోవి. రెడ్ సీ వాళ్లదే కోరల్ ప్రో, ఇన్‌స్టంట్ ఓషన్ వాళ్ల రీఫ్ క్రిస్టల్స్ ఎక్కువ ఆల్కలినిటీ వైపువి. వాడిన బకెట్లు ఏ కంపెనీవో రాయడం లేదు. చెప్పేది ఆ తరగతి మొత్తానికీ వర్తిస్తుంది.

దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే. కలిపిన నీళ్లు మూత పెట్టిన డ్రమ్ములో రెండు వారాలు కూర్చున్నా అలాగే ఉంటాయి. మొదటి రోజు 8.1 వస్తే పద్నాలుగో రోజు 8.0. అడుగున తెల్ల పొర ఉండదు, పంపు బిగుసుకోదు. విశాఖలాంటి ఊళ్లో చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేని డ్రమ్ములో, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు 32, 33 డిగ్రీలకు పోయే చోట ఇది మామూలు సంగతి కాదు.

ఎందుకో చెప్పాలంటే ముందు సముద్రాన్ని చూడాలి. సహజమైన సముద్రపు నీళ్లలో ఆల్కలినిటీ సుమారు 7 డీకేహెచ్, కాల్షియం 410-420 పీపీఎం (పది లక్షల్లో వంతులు), మెగ్నీషియం 1,300కి దగ్గర. ఆ స్థాయిలోనే కాల్షియం కార్బొనేట్ నీళ్లలో ఇమిడే హద్దు దాటేసి ఉంటుంది. అది విరిగి కింద పడకుండా ఆపుతున్నవాటిలో మెగ్నీషియం ముఖ్యం. అలాంటి నీళ్లలో ఆల్కలినిటీని 12కీ కాల్షియాన్ని 460కీ ఎక్కించి, పైన వేడి తగిలించి, పంపు పెట్టి రాత్రంతా తిప్పితే ఏమవుతుంది? కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, హీటర్ గాజు మీదో పంపు ఇరుసు మీదో తెల్లగా గట్టిపడటం మొదలవుతుంది. ఒక్కసారి మొదలైతే ఆ పొర మీదే ఇంకా పేరుకుంటుంది. 12 అని డబ్బు పెట్టి కొన్నది మర్నాటికి పదో తొమ్మిదో అవుతుంది. కలిపిన కొద్ది గంటల్లో వాడేయమని ఇలాంటి కొన్ని రకాల మీద తయారీదారులే రాస్తారు. ఆ గడువు పాటించగలిగితే గొడవ లేదు. శనివారం కలిపి, వీలు చూసుకుని బుధవారం ట్యాంకు నీళ్లు మార్చే అలవాటున్న ఇళ్లకు మాత్రం ఆ రకం సరిపడదు.

ఇంకో లెక్క కూడా ఉంది. ట్యాంకు 8 దగ్గర ఉంటే 12 నీళ్లతో 20 శాతం మార్చినప్పుడు ఒక్కసారిగా 8.8 అవుతుంది. ఏదో ముంచుకొచ్చి సగం నీళ్లు మార్చాల్సి వస్తే ఏకంగా 10. పగడాలకు అంకె ఎంత అన్నదానికంటే ఎంత త్వరగా మారింది అన్నదే ఎక్కువ బాధ. 8 నీళ్లతో అయితే 20 శాతం మార్చినా సగం మార్చినా ట్యాంకు కదలదు.

కలిపే పద్ధతి తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు, తడబడే చోట్లు మాత్రం చెబుతాను. వంటింటి ఆర్ఓ యంత్రం నీళ్లు పనికిరావు. వాటిలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలరో మినరల్ కాట్రిడ్జో ఉంటుంది, మీటరు పెడితే 50, 80 చూపిస్తుంది. ఆర్ఓ తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గింజలు) దాటి సున్నా చూపించాలి. నీళ్లలో ఉప్పు వేయాలి గాని ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. పోస్తే మొదట్లో అడుగున చిక్కటి ద్రావణం తయారై, కాల్షియమూ కార్బొనేటూ అక్కడే కలిసి గడ్డకడతాయి. తర్వాత ఎంత తిప్పినా అది కరగదు. 40 లీటర్లకు 1,520 గ్రాములు, అంటే లీటరుకు 38. బకెట్ మీద 22 కిలోలకు 660 లీటర్లు అని కనిపిస్తే భాగించి చూడండి, లీటరుకు 33 గ్రాములే వస్తుంది. అది 35 పీపీటీ లెక్క కాదు, అంతకంటే పల్చటి నీళ్ల లెక్క. ధరలు పోల్చుకునేటప్పుడు ఈ తేడా మింగేస్తుంది. రిఫ్రాక్టోమీటర్‌ని (ఉప్పదనం కొలిచే పరికరం) మంచినీళ్లతో సున్నాకి పెట్టి ఊరుకోకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచూడాలి. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నది 35 దగ్గర రెండు పాయింట్లు తప్పడం సర్వసాధారణం.

ఇక అసలు తంటా. పైన పొగిడిందంతా కొత్త బకెట్ గురించి. తెరిచి వానాకాలంలో ఉంచిన బకెట్ గురించి కాదు.

జూన్‌లో మూత తీసిన 20 కిలోల బకెట్. పైభాగంతో కలిపిన నీళ్లు 8.1. సెప్టెంబరు నాటికి అదే బకెట్ అడుగున మిగిలిన ఉప్పుతో కలిపితే 6.5. మధ్యలో ఏం జరిగిందో ట్యాంకు చెప్పలేదు. చెప్పదు కూడా. 8 ఉన్న ట్యాంకులో 6.5 నీళ్లు 20 శాతం పోస్తే 7.7. తర్వాతి మార్పుకు 7.5. ఇంత నెమ్మదిగా దిగుతుంటే ట్యాంకులో ఆల్కలినిటీ రోజువారీ వాడకం పెరిగిందేమో, కోరలైన్ (రాళ్ల మీద, గోడల మీద గట్టి పొరలా పెరిగే నాచు) ఎక్కువగా పెరుగుతోందేమో అనుకుని డోసింగ్ (ఆల్కలినిటీని విడిగా కలపడం) పెంచుకుంటూ పోతారు. కొత్త నీళ్లను విడిగా పరీక్షిస్తేనే దొంగ దొరుకుతాడు.

ఆ ఉప్పును దగ్గరగా చూస్తే సంగతి కళ్లకు కడుతుంది. పైన పొడిపొడిగా గింజలు గింజలుగా ఉంటుంది. నాలుగు వేళ్ల లోతు తవ్వితే తడి ఇసుకలా వేళ్లకు అంటుకుంటుంది. ఇంకా కిందకు పోతే పిడికెడంత ఉండలు. ఉండను చిదిపితే లోపల సున్నంలా తెల్లటి మెత్తటి పొడి. దాన్ని డీఐ నీళ్లలో వేస్తే చుట్టూ ఉన్నది కరిగిపోయి ఆ పొడి పాలలా తేలుతుంది, గంట తర్వాత అడుగుకు చేరుతుంది. ఆ మడ్డిని వేరుచేసి వెనిగర్ రెండు చుక్కలు వేస్తే బుసబుస పొంగింది. అంటే కాల్షియం కార్బొనేట్. పొంగకుండా గోధుమరంగు బురదలా ఉండిపోతే అది మట్టి, ముడిసరుకులో వచ్చిన కల్తీ, దాని దారి వేరు. ఈ రెండూ ఒకటేననుకుని ప్రతి మడ్డికీ కంపెనీని తిట్టేవాళ్లు చాలామంది. వెనిగర్ పరీక్ష పది రూపాయల పని, ముందు అది చేసి తిట్టవచ్చు.

జరిగింది ఇది. మిక్స్‌లో మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ రెండూ గాల్లో చెమ్మను పీల్చుకునేవే. గాల్లో తేమ మూడో వంతు దాటితే చాలు, వాటంతట అవే చెమర్చి కరగడం మొదలెడతాయి. విశాఖలో వానాకాలం తేమ 75, 80 శాతం మామూలు. గింజల మీద ఆ పల్చటి తడి పొర ఏర్పడగానే కరిగిన కాల్షియం పక్కనే ఉన్న బైకార్బొనేట్‌ని పట్టుకుంటుంది. బకెట్లోనే, నీళ్లు ముట్టకుండానే, ఆల్కలినిటీ రాయిగా మారిపోతుంది. మూత తీసి పెట్టిన ప్రతిసారీ కాస్త కాస్త.

ఇది ఎందుకు పట్టుబడదో కూడా లెక్కలోనే ఉంది. 1 డీకేహెచ్ పోతే దానితో పాటు పోయే కాల్షియం 7 పీపీఎం మాత్రమే. 1.6 పోయినా కాల్షియం 11 పీపీఎం తగ్గుతుంది, 430 ఉండాల్సింది 419 అవుతుంది. ఇంట్లో వాడే కిట్‌లో ఆ తేడా చదవడంలో వచ్చే పొరపాటులోనే కలిసిపోతుంది. మెగ్నీషియం అసలు కదలదు. సాలినిటీ (ఉప్పదనం) చూసి అంతా బాగుందనుకుంటాం. 40 లీటర్లలో ఇలా చెడిన కార్బొనేట్ మొత్తం బరువు గ్రాము పైచిలుకు, అంతే.

ముందుగా పసిగట్టే గుర్తు ఒకటుంది. చెమ్మ పీల్చిన ఉప్పు బరువెక్కుతుంది. ఎప్పటిలా 1,520 గ్రాములు తూచి వేస్తే 35 రావాల్సింది 33 చిల్లర వస్తుంది. తూకం సరిగ్గా ఉండి సాలినిటీ తగ్గిందంటే బకెట్లోకి నీళ్లు చేరినట్టే. వెంటనే ఆ నీళ్ల ఆల్కలినిటీ చూడాలి. కప్పుతో కొలిచి వేసేవాళ్లకు ఈ గుర్తు దొరకదు, అందుకే తూచి వేయమనేది.

చెడిన ఉప్పును పారేయక్కర్లేదు. వేళ్లతో నలిగే దశలో ఉంటే కలిపి, మడ్డి కూర్చున్నాక పైనీళ్లు తోడుకుని, తగ్గినంత ఆల్కలినిటీ సోడియం బైకార్బొనేట్‌తో పూరించవచ్చు. లీటరుకు 1 డీకేహెచ్ పెంచడానికి 0.03 గ్రాము. 40 లీటర్లను 6.5 నుంచి 8.1కి తేవాలంటే 1.9 గ్రాములు. అచ్చమైన వంట సోడా అయితే చాలు. బేకింగ్ పౌడర్ వద్దు, అందులో ఆమ్లమూ పిండీ ఉంటాయి. గ్లాసుడు డీఐ నీళ్లలో కరిగించి పంపు ఎదురుగా సన్నగా పోయాలి. రాయిలా బిగిసిన ఉండలను మాత్రం సుత్తితో కొట్టి కలపవద్దు. అందులో ఏది ఎంత మిగిలిందో తెలియదు, రెండు ఉండలకు రెండు రకాల నీళ్లు వస్తాయి.

జాగ్రత్త విషయానికొస్తే, ఆవకాయ జాడీకి ఇచ్చే మర్యాదంతా ఈ బకెట్‌కీ ఇవ్వాలి: తడి గరిటె పెట్టకూడదు, ఊరికే మూత తీయకూడదు. అంతకంటే మేలైన పని ఒకటుంది. కొత్త బకెట్‌ని సీలు తీయకముందే నేల మీద పడుకోబెట్టి అటూ ఇటూ బాగా దొర్లించాలి. రవాణాలో సన్నపొడి కిందకు, ముతక గింజలు పైకి చేరి ఉంటాయి. తర్వాత ఏసీ గదిలో, పొడి రోజున, ఒకే కూర్పులో మొత్తం బకెట్‌ని 1,520 గ్రాముల పొట్లాలుగా మందపాటి జిప్ కవర్లలో గాలి నొక్కేసి కట్టుకోవాలి. ఒక పొట్లం ఒక డ్రమ్ము. ఇలా చేసిన బకెట్లో మొదటి పొట్లానికీ ఆఖరి పొట్లానికీ తేడా 0.2 దాటదు. సిలికా జెల్ సంచులు వేస్తే తప్పులేదు గాని, రోజూ తెరిచే బకెట్లో అవి ఒక వారానికే నిండిపోతాయి, వాటి మీద భరోసా పెట్టుకోకూడదు.

ఈ చెమ్మ తంటా ఎక్కువ ఆల్కలినిటీ మిక్స్‌లకు లేదనుకోవద్దు. వాటికీ ఉంది. కాకపోతే 12లో రెండు పోయినా ఇంకా పది మిగులుతుంది, 8లో రెండు పోతే సముద్రం కంటే కిందకు జారతాం. చిన్నంకెల ఉప్పుకు నిల్వలో పోగొట్టుకునేంత వెసులుబాటు లేదు. పైన మెచ్చుకున్న గుణానికి ఇది వెనక వైపు.

ఈ ఉప్పు ఎవరికి నప్పుతుందన్నది ట్యాంకును బట్టి. మాది 200 లీటర్ల మెత్తటి పగడాల ట్యాంకు. జోవాంథిడ్స్, లెదర్, మష్రూమ్‌లు, గోడల మీద కోరలైన్. మన దేశంలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, కాబట్టి వాటి ఊసు వద్దు. మెత్తటి పగడాలు ఆల్కలినిటీ తినేది స్వల్పం. నీళ్ల మార్పూ, చిటికెడు సోడా డోసింగూ సరిపోతాయి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో చట్టబద్ధంగా పెంచిన ఆక్రోపోరాలు (ఒక రకం రాతి పగడాలు) నింపుకున్న మనవాళ్లకు లెక్క వేరు. రోజుకు 2 డీకేహెచ్ లాగే ట్యాంకుకు ఏ ఉప్పైనా చాలదు, డోసింగ్ పంపో కాల్షియం రియాక్టరో (కాల్షియం, ఆల్కలినిటీ అందించే యంత్రం) ఎలాగూ ఉంటుంది. అప్పుడు కూడా ట్యాంకు నడిపే అంకెకు దగ్గరగా కలిసే ఉప్పే కొనడం మంచిది. 11 దగ్గర నడిపేవాళ్లు 8 ఉప్పు కొంటే ప్రతి మార్పుకీ ట్యాంకు కిందకు గుంజుకుపోతుంది. చేపలు, బండరాళ్లు మాత్రమే ఉన్న ట్యాంకుకు ఇంత ఖర్చే దండగ.

సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడమెందుకు అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బంగాళాఖాతం ఒడ్డు నీళ్లు వానల తర్వాత గోదావరి, కృష్ణ వరదలతోనూ, ఉత్తరం నుంచి దిగివచ్చే గంగ, బ్రహ్మపుత్ర నీళ్లతోనూ పల్చబడతాయి. రేవు దగ్గర నూనె సరేసరి. నౌపడ మడుల రాళ్ల ఉప్పు చవక కదా అన్నా కుదరదు: మడిలో గట్టిపడేది చాలావరకు సోడియం క్లోరైడే, మెగ్నీషియం, పొటాషియం తోడి పారబోసిన చేదు నీటిలో పోతాయి.

బకెట్ సైజు గురించి అడిగేవాళ్లకు: నెలకు 80 లీటర్లు మార్చే ఇంటికి 20 కిలోలు ఆరు నెలల పైన వస్తాయి. పొట్లాలు కట్టే ఓపిక ఉంటే పెద్దదే చవక. లేకపోతే మే తర్వాత పెద్ద బకెట్ తెరవకండి. వానలు వెనకపట్టే దాకా 4 కిలోల పెట్టెలతో గడపండి, కిలోకి ఎక్కువ పడినా.