మాస్సీ 1035 సెంటర్ పిన్ను, గన్ మెటల్ బుష్షులు: ఆరేండ్లు తోలినాక

మాది పూతలపట్టు దగ్గర పల్లె. బండి మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు, మా నాయన 1998లో తీసుకున్నాడు, ఇప్పటికీ ఇంట్లో ఉండేది అదొక్కటే. ముందర యాక్సిల్ ఊగేదానికి నడుమ ఉండే సెంటర్ పిన్ను పని దీనికి రెండుసార్లు చేయించినా, 2017లో ఒకసారి, 2019లో ఇంకోసారి. మొదటిది ఏడాదిన్నర కూడా నిలవలా. రెండోది ఆరేండ్లు దాటింది, ఇంకా నడస్తానే ఉంది. తేడా పిన్నులో లేదు, ఆ పిన్ను కూర్చునే బొక్కలో ఉంది.

పిన్ను అరిగిందని మాకు మొదట తెలిసింది మామిడి సీజన్లో. తోతాపురి లోడేసుకోని చిత్తూరు పక్క పల్ప్ ఫ్యాక్టరీకి పోతాంటే టాప్ గేర్లో బండి రోడ్డు మీద ఒక దారిన పోదు, అటు లాగతాది, ఇటు లాగతాది, స్టీరింగ్ జానెడు తిప్పితే గానీ చక్రం కదలదు. నేనేమో టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీల చివరి కీళ్లు) పోయుంటాయిలే అనుకోని అంతకుముందే కొత్తవి ఏయించినా, డబ్బులు దండగ. ఫ్యాక్టరీ ముందర క్యూలో ఒకటిన్నర రోజు నిలబడినాం, తోతాపురి తోలినోళ్లకి ఆ క్యూ గురించి నేను చెప్పే పన్లేదు, పనీపాటా లేక బండి ముందర గొంతుక్కూచోని చూస్తా ఉంటే మా తమ్ముడు పైనుంచి ఊరికే స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినాడు. చక్రాలు తిరిగేదానికంటే ముందు యాక్సిలే నడుమ కాడ ముందుకీ వెనక్కీ జరిగింది. అంతే, దొంగ దొరికినాడు. ఎవురైనా సరే టై రాడ్ ఎండ్లు కొనే ముందర ఈ ఒక్క పని చేసి చూడండి, రూపాయి ఖర్చు లేదు.

తప్పు బండిది కాదు, మాదే. వెనక యాక్సిల్ కదలదు, ముందర యాక్సిల్ మాత్రం ఈ ఒక్క పిన్ను మీద ఊగతాది, గెనిమ (గట్టు) దాటేటప్పుడు ఒక చక్రం పైకి లేచినా నాలుగు చక్రాలూ నేలకి ఆనేది దాని వల్లే. అంత బరువు మోసే పిన్నుకి మేము ఏండ్ల తరబడి గ్రీజు కొట్టలా, కొట్టినామనుకున్నా లోపలికి పోలా. కేజ్ వీల్స్, అంటే బురదలో దిగబడకుండా ఉండే ఇనుప చక్రాలు, ఏసి మడి దున్నతాం కదా, ఆ బురద గ్రీజు ఎక్కించే నిపిల్ చుట్టూ ఎండి రాయి మాదిరి అయిపోయింది, గన్ను పెట్టి కొడితే గ్రీజు బయటికే కారేది, సరేలే నిండింది అనుకోని వదిలేసేవాళ్లం.

2017లో చేసిన పని చెప్తా. మా పక్క మెకానిక్ ఒకాయన, పేరు వద్దులే, అరిగిన పిన్నుకే వెల్డింగ్ పోసి లేత్ మీద పట్టించినాడు, మామూలు ఇనుము బుష్షులు, అంటే పిన్ను తిరిగే గొట్టం తొడుగులు, చేయించి సుత్తితో కొట్టినాడు. యాక్సిల్‌ని ఇంజన్ ముందర పట్టుకునే సపోర్ట్‌లో బొక్క అప్పటికే కోడిగుడ్డు మాదిరి అయుంది, బుష్షు వదులుగా ఉంటే డబ్బా రేకు కత్తిరించి చుట్టూ దూర్చినాడు. ఆ పొద్దు బాగానే ఉన్నింది, నేను కూడా భలే చేసినాడప్పా అన్నా. రెండు చెరుకు సీజన్లు తిరగలా, రేకు నలిగి బయటికొచ్చింది, బుష్షు సపోర్ట్ లోపలే గిర్రున తిరగడం మొదులుపెట్టి బొక్కని ఇంకా తినేసింది. చవగ్గా అయిందనుకున్న పని ఎనకటి కంటే ఎక్కువ నష్టం చేసిపోయింది.

2019లో చిత్తూరులో ఒక లేత్ కాడికి పోతే ఆ పెద్దాయన వెర్నియర్ అనే కొలత పరికరం పెట్టి చూసి, పిన్ను ఒక పక్కే రెండున్నర మిల్లీ అరిగింది, కానీ నీ జబ్బు పిన్ను కాదబ్బోడా, సపోర్ట్ మొత్తం విప్పి తీసకరా అన్నాడు. బొక్కలో వెల్డింగ్ పోయమంటే ఒప్పుకోలా. అది పోత ఇనుము, సరిగ్గా వేడి చేయకుండా వెల్డింగ్ పెడితే పక్కన పగులు పడతాది, విరిగిన ఎముకకి పుత్తూరు కట్టు కట్టినట్టు అతుక్కునేది కాదు అన్నాడు.

విప్పేదే పెద్ద పని. ఈ బండికి రేడియేటర్ కూర్చునేది ఆ సపోర్ట్ మీదే కాబట్టి బానెట్టు, బ్యాటరీ, రేడియేటర్ అన్నీ దిగాల్సిందే. వెనక చక్రాలకి ముందరా వెనకా రాళ్లు పెట్టి, ఇంజన్ కింద జాకీతో లేపి, తర్వాత చింత మొద్దులు పేర్చి బరువు వాటి మీదకి దించినాం. జాకీని నమ్ముకోని కిందికి దూరొద్దు, లేపేటప్పుడు యాక్సిల్ ఒక పక్కకి దబ్బున వాలతాది, మా తమ్ముడి కాలు కొంచెంలో తప్పింది. ఆ తర్వాతే యాక్సిల్‌కి రెండు పక్కలా చెక్క చీలికలు కొట్టినాం.

ఆయన చేసిందేమంటే ముందర బొక్క, వెనక బొక్క రెండూ ఒకే సెట్టింగులో, ఒకే బారుగా గుండ్రంగా బోరు చేసి, ఆ సైజుకి గన్ మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) బుష్షులు తీసినాడు. విడివిడిగా బోరు చేస్తే వెంట్రుక వాసి తేడా వచ్చినా పిన్ను పట్టేస్తాది. బుష్షుల్ని సుత్తితో కొట్టలా, పొడుగు బోల్టు రెండు పక్కలా వాషర్లు ఏసి నట్టు బిగిస్తా మెల్లగా లోపలికి లాగినాడు. బిగుతుగా కూర్చున్నాక బుష్షు లోపలి సైజు కొంచెం తగ్గతాది కాబట్టి అప్పుడు బొక్కని నున్నగా సైజు చేసే రీమర్ కొట్టి పిన్నుకి సరిచేసినాడు. పిన్ను ఈఎన్ ఎయిట్ అనే ఉక్కు రాడ్డుతో కొత్తది, పైన హార్డనింగ్ (వేడి చేసి గట్టిపరచడం) చేయించినాడు. బోరింగ్ 2,500, బుష్షులు 1,600, పిన్ను 1,200, విప్పి బిగించే కూలి 2,000, మొత్తం 7,300 అయింది. అప్పటి రేట్లు ఇవి, ఇప్పుడు ఆ డబ్బుకి రాదు.

మీటర్ చచ్చి చానా ఏండ్లయింది, డీజిల్ లెక్కన ఏడాదికి 400 గంటల పైమాటే తోలతాం. అంటే ఇప్పటికి 2,400 గంటలు దాటినట్టే. మొన్న మేలో ముందర లేపి యాక్సిల్ పట్టుకోని ఊపి చూస్తే ప్లే, అంటే వదులు, అర మిల్లీకి లోపలే ఉంది. లోడుతో రోడ్డు మీద బండి నేరుగా పోతాది, ముందర టైర్లు ఒక పక్కే అరిగే గోల తగ్గింది. పూర్తిగా పోలా, ఎడమ పక్క చక్రం మలుపు తిరిగే కింగ్ పిన్ బుష్షు కూడా వదులైంది, దాన్ని దీని ఖాతాలో రాయకూడదు.

నచ్చనిది ఒకటుంది. బుష్షు లోపల గ్రీజు గాడి కొట్టించుకోవడం మర్చిపోయినాం, మొదటి ఏడాది ఎండిపోయి కిర్రుకిర్రుమనేది, మళ్ళీ పిన్ను లాగి గాడి తీయించేదానికి ఇంకో రోజు పోయింది. లేత్ కాడే అడిగి చేయించుకోండి. గన్ మెటల్ మెత్తన, గ్రీజు లేకుంటే తొందరగా పోతాది, కాకపోతే పోయేది బుష్షే, పిన్ను మిగలతాది. నాకు ఆ బేరం ఇష్టమే. వారం వారం కూడా గ్రీజు కొట్టని ఇంట్లో అయితే ఏది ఏసినా ఒకటే.

గ్రీజు కొట్టే పద్ధతి కూడా మార్చినాం. బండి బరువు పిన్ను మీద ఉంటే నొక్కుకున్న పక్కకి గ్రీజు పోదు. అందుకని మడి పనప్పుడు రోజూ సాయంత్రం మామూలుగా కొట్టి, నెలకొకసారి ముందర జాకీతో లేపి యాక్సిల్ వేలాడతా ఉండంగా కొడతాం. రెండు పక్కలా పాత నల్ల గ్రీజు పోయి కొత్తది కనపడేదాకా.

ఈసారి సపోర్ట్ దించినప్పుడు రేడియేటర్ కింద రబ్బర్లు ముందే కొని పెట్టుకోవాల. పోయినసారి పాతవే పెట్టి బిగించేసినాం, ఇప్పుడు స్టీరింగ్ అంత కుదురుగా ఉన్నా బానెట్టులోంచి గడగడ శబ్దం, మా నాయన అరుగు మీద కూచోనే, బండి ఊరు మలుపు తిరగంగానే అదిగో మనోడొస్తా ఉండాడు అంటాడు.